దానంతట అదే తగ్గే సెట్టు

"పెరుగుతుంది సార్. తగ్గదు," అంది షోరూము అమ్మాయి. అంతకుముందు చెప్పిన మాటే. చెవుడున్నవాళ్లకు చెప్పినట్టు ఈసారి ఇంకాస్త నెమ్మదిగా, ఒక్కో ముక్కా విడదీసి చెప్పింది.

"తగ్గుతుందమ్మా. నా బండిలో తగ్గుతుంది."

"స్పీడు పెరిగితే గాలి హోరు పెరుగుతుంది కదా సార్. పాట వినబడాలని సెట్టే సౌండు పెంచుకుంటుంది. ఏ కంపెనీదైనా అంతే. స్పీడు పెరిగితే సౌండు తగ్గడమేంటి? అసలెందుకు తగ్గాలి?"

"ఎందుకేంటి? కాస్త నెమ్మదిగా తగలడు అని నాకు చెప్పడానికి!"

ఆ అమ్మాయి చేతిలోని ట్యాబ్ వైపు చూసి, ఆయన వైపు చూసి, వేళాకోళం చేస్తున్నాడేమోనని ఒక్క క్షణం ఆగింది. ఆయన వేళాకోళం చేయడం లేదు. పొద్దున్నే దుకాణం మూసి, ఎండలో ఇంత దూరం వచ్చి, నంబరు చీటీ పట్టుకుని కూర్చుని కూర్చుని నడుం పట్టేసిన మనిషికి వేళాకోళం ఎక్కడినుంచి వస్తుంది?

ఆయన్ని అందరూ అద్దాలాయన అంటారు. కళ్లద్దాల దుకాణం ఆయనది. డాక్టరు రాసిచ్చిన చీటీ చూసి అద్దం అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టి, వచ్చినవాళ్ల ముక్కు మీద పెట్టి, ఎడమ చెవి వైపు వెంట్రుకవాసి ఎత్తుగా ఉందంటే ఆ వెంట్రుకవాసీ వంచి ఇచ్చేదాకా వదిలిపెట్టడు. అలాంటివాడు తన చెవులతో విన్నదాన్ని అబద్ధమంటే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"తొమ్మిదేళ్లుగా వింటున్నానమ్మా. మలుపు దగ్గర కాస్త దూకుడుగా పోయానా, పాట ఠక్కున కిందికి దిగుతుంది. నేను నెమ్మదించానా, మళ్లీ మెల్లగా పైకొస్తుంది. దానంతట అదే. నేను చెయ్యి కూడా పెట్టను. అంత బుద్ధిమంతురాలు."

"అయితే మీ సెట్టు మొదట్నుంచీ పాడై ఉంటుంది సార్."

"పాడైంది మొన్న! వానలో తడిసి, కాలిన వాసనొచ్చి, మొన్న చచ్చింది. అంతకుముందు నీకంటే నాకంటే బుద్ధిగా పనిచేసింది."

పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఫోన్లలోంచి తలలెత్తారు. ఆ అమ్మాయి పాపం ట్యాబ్ ఆయన వైపు తిప్పి, ఆయన మోడలు సెట్టు తయారీ ఎప్పుడో ఆపేశారని, కొత్త సెట్టు పట్టాలంటే బండి ముందు కవరు మొత్తం మార్చాలని, దానికి నెల పైన పడుతుందని చూపించింది. ఆయన చూపు మాత్రం ఆ బొమ్మ మూలనున్న చిన్న బాణం గుర్తుల మీదే ఆగిపోయింది. స్పీడు అని రాసి పైకి బాణం. సౌండు అని రాసి దానికీ పైకి బాణం. ఎవడో బుర్ర లేనివాడు గీసిన బొమ్మ అనుకుని లేచి వచ్చేశాడు.

బయట ఆయన బండి నిలబడి ఉంది. దూరప్రయాణాల కోసమే చేసిన బండి అది. గాలి కొట్టకుండా ముందు బీరువా తలుపంత కవరు, అందులో స్టీరియో సెట్టు, దానికి అటూ ఇటూ స్పీకర్లు, వెనక రెండు పక్కలా సామాను పెట్టెలు, ఆ పెట్టెల మధ్య ఆయన భార్య కూర్చోవడానికి వీపు ఆనుకునే మెత్తటి సీటు. సెట్టు ఉండాల్సిన చోట ఇప్పుడు ఒక కన్నం, అందులోంచి వేలాడే రంగురంగుల వైర్లు. పన్ను ఊడిన నోరులా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆయనకు చిరాకు.

నెల పైన అంటే కుదరదు. వచ్చే ఆదివారమే ప్రయాణం. కొండదారి దాటుకుని సముద్రం దాకా పోవాలి. అక్కడ గది చెప్పేశారు. ఆయన దుకాణం మూసి, ఆవిడ సెలవు పెట్టి, ఏడాదికోసారి ఇద్దరూ కలిసి చేసేది ఈ ఒక్క పనే. మిగతా ఏడాదంతా అప్పుడప్పుడూ ఆ బండి మీద తిరగడం తప్పితే ఒకే తాళంచెవి వాడుకునే ఇద్దరు ఉద్యోగస్తుల్లా బతుకుతారు. ఈసారి ఆవిడ మొండికేసింది. మొన్న వానలో సెట్టు చచ్చాక పాట లేకుండానే ఇంటిదాకా వచ్చారు. గేటు దగ్గర బండి దిగి, హెల్మెట్ ధన్‌మని సీటు మీద పెట్టి, "ఈ సెట్టు బాగయ్యేదాకా నేనీ బండి ఎక్కను" అని లోపలికి పోయింది. ఆవిడ ఒకసారి అన్నదంటే అన్నదే.

ఆవిడకు పాటల పిచ్చి ఇంత ముదిరిందని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

దుకాణానికి వచ్చేసరికి బావమరిది కాచుకుని కూర్చున్నాడు. ఆవిడ తమ్ముడు. ఏ వస్తువు కొనాలన్నా దాని గురించి ఫోనులో వీడియోలన్నీ చూసి, తన సొంత బుర్రలోంచి పుట్టినట్టు చెప్పడం అతనికి మహా సరదా.

"బావా, కంపెనీ సెట్టు ఎవరు పెడుతున్నారు ఈ రోజుల్లో? బయటి సెట్టు పెట్టు. ఇదిగో చూడు, ఇంత తెర! దారి చూపిస్తుంది, ఫోనొస్తే పేరు చూపిస్తుంది, టైర్లలో గాలి ఎంతుందో చెబుతుంది."

"టైర్లలో గాలి కాలితో తన్ని చూసుకుంటానులే. స్పీడు ఎక్కువైతే సౌండు తగ్గుతుందా అందులో?"

"తగ్గడమేంటి బావా, పెరుగుతుంది."

అద్దాలాయన అరగదీసే యంత్రం స్విచ్చి వేశాడు. అది గీమని అరుస్తుంటే బావమరిది మాటలు వినబడవు. అద్దం అంచును చక్రానికి ఆనించి మెల్లగా తిప్పుతూ, తీసి వేలితో తడుముతూ, మళ్లీ ఆనించాడు. కోపంలో ఓ పిసరు ఎక్కువ నొక్కాడో ఏమో, అంచున చిన్న పెచ్చు లేచింది. ఆ అద్దం పక్కన పడేసి ఇంకోటి తీశాడు.

అద్దాలు తీసుకోవడానికి ఒక ముసలావిడ వచ్చింది. ఆవిడ కళ్లకు అద్దాలు పెట్టి, చేతికి చిన్న అక్షరాల కాగితమిచ్చి, "ఎలా ఉందమ్మా?" అని అడిగాడు. ఆవిడ బాగుందంది. "ఊరికే బాగుందనొద్దు. కళ్లు లాగుతున్నాయా? నేల పైకి లేచినట్టుందా? అటూ ఇటూ నడిచి చూడు." ముసలావిడ నడిచి చూసి, కొంచెం లాగుతున్నట్టుందని మొహమాటంగా అంది. ఆయన విసుక్కోలేదు. ఫ్రేము తీసి ముక్కు దగ్గర వంచి, మళ్లీ పెట్టి, మళ్లీ అడిగి, ఆవిడ ముఖం విప్పారేదాకా అదే పని మీద ఉన్నాడు. దుకాణంలో ఆయన ఓపిక చూసినవాళ్లు, ఇంట్లో కూడా ఇంతే కాబోలు అనుకుంటారు.

సాయంత్రం ఆయన భార్య ల్యాబు నుంచి ఇంటికొచ్చింది. రక్తపరీక్షల కోసం వచ్చేవాళ్లకు రక్తం తీయడం ఆవిడ పని. స్పిరిటు వాసన ఇంకా చేతులకు ఉంది. చెప్పులు విప్పుతుండగానే ఆయన మొదలుపెట్టాడు. షోరూము అమ్మాయి పొగరు, బాణం గుర్తులు, తెర సెట్టు, బావమరిది గొప్పలు, అన్నీ.

"మీ తమ్ముడికి బుర్ర తక్కువ, నోరు ఎక్కువ. స్పీడుకి తగ్గే సెట్టే లేదంటాడు. మరి మనదేంటి? గాల్లోంచి ఊడిపడిందా?"

ఆవిడ సబ్బు రుద్దుకుంటూ ఒక్క క్షణం ఆగింది. కొళాయి పారుతూనే ఉంది.

"అది... దానికోసం అంత వెతకక్కర్లేదండీ," అంది. "మామూలుది ఏదో ఒకటి పెట్టించండి. కానీ వెనక్కి..."

"మామూలుదా? తొమ్మిదేళ్లు అలాంటి సెట్టు వాడి మామూలుది పెట్టిస్తానా?"

"వెనక సీటుకి ఏమైనా ఇస్తారా అని అడిగారా?"

"వెనక్కి స్పీకర్లున్నాయిగా. వాటికేం, బాగానే ఉన్నాయి."

"స్పీకర్లు కాదు, నా చేతి దగ్గర..."

"నీ చేతి దగ్గర పిడి ఊగుతోంది, అంతేగా? అది బిగిస్తాలే. ముందు ఈ సెట్టు సంగతి తేలనీ." అప్పటికే ఆయన ఫోను తీసి ఎవరికో చేస్తున్నాడు.

ఆవిడ చేతులు తుడుచుకుని ఆయన వైపు కాసేపు చూసింది. ఏదో చెప్పబోయి, ఆయన ఫోనులో "హలో, హలో" అని అరుస్తుంటే వంటింట్లోకి పోయింది.

కారు స్టీరియోలు బిగించే దుకాణం ఒకటుంది. దాని ఓనరును మోతాయన అంటారు. ఆ వీధిలో చెవి వినబడనివాళ్లకు కూడా ఆయన దుకాణం ఎక్కడుందో తెలుస్తుంది. కాళ్ల కింద నేల అదురుతుంది కాబట్టి. అద్దాలాయన మర్నాడు అక్కడికి తన బండి చేతి గ్లౌజులు తొడుక్కునే వెళ్లాడు.

మోతాయన గల్లాబల్ల మీద మూడు సెట్లు పెట్టాడు. బావమరిది చెప్పిన తెర సెట్టును గ్లౌజు వేలితో నొక్కితే ఉలకలేదు, పలకలేదు.

"గ్లౌజు తీసి నొక్కాలండి."

"కొండదారిలో బండి ఆపి, గ్లౌజు విప్పి, పాట మార్చుకుని, మళ్లీ గ్లౌజు తొడుక్కుని పోవాలా?" అంటూ దాన్ని వైరుతో సహా ఎండలోకి పట్టుకెళ్లాడు. తెరలో పాట పేరు కనబడలేదు. చిరాకుపడుతున్న తన ముఖమే కనబడింది. గాజు మీద మెరుపు గురించి ఆయనకు ఒకరు చెప్పాలా? తెచ్చి బల్ల మీద పెట్టేశాడు.

రెండోది బటన్లున్న సెట్టు. అది బాగానే ఉంది కానీ లోతు ఎక్కువ. కన్నంలో పెట్టి హ్యాండిల్ ఎడమకు తిప్పితే వెనక కడ్డీకి టక్కున తగిలింది. దాన్ని కోయొచ్చన్నాడు మోతాయన. "నిన్ను కోస్తా," అన్నాడు అద్దాలాయన.

మూడోది పడవల్లో వాడేది. నీళ్లు పడ్డా ఏమీ కాదు. మధ్యలో పెద్ద గుండ్రటి తిప్పుడు బటను, గ్లౌజు వేసుకున్నా పట్టు దొరుకుతుంది. అక్షరాలు ఎండలోనూ కనబడుతున్నాయి. దాన్ని కన్నంలో పెట్టి చూశాడు, తిప్పి చూశాడు, దూరం నుంచి చూశాడు. వంక దొరకలేదు. వంక దొరకలేదని కూడా కొంచెం చిరాకేసింది.

"స్పీడు ఎక్కువైతే..." అని మొదలుపెట్టాడు.

"పెరుగుతుందండి," అన్నాడు మోతాయన రెండు చేతులూ జోడిస్తూ. "మీరు నిన్న ఫోనులో అడిగారు, పొద్దున్నొచ్చి అడిగారు. పెరగడమే కానీ తగ్గే సెట్టు నేనింతవరకు చూడలేదు. ఈ జన్మకి దీంతో సర్దుకోండి."

సర్దుకోక చస్తాడా. ఆదివారం తరుముకొస్తోంది. సరే బిగించమన్నాడు.

మోతాయన ముందు కవరు విప్పి, వైర్లకు చీటీలు అంటించి, ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోతున్నాడు. స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్న అద్దాలాయన ప్రతి మర గురించీ అడిగి అతని ప్రాణం తీస్తున్నాడు. చివర్లో మోతాయన నాలుగు వైర్ల కట్టను వేళ్ల మధ్య పట్టుకుని తలెత్తాడు.

"హ్యాండిల్ మీద బటన్లు కలిపేశానండి. ఇవి వెనక సీటు పక్కనున్న బటన్లవి. వీటిని ఈ సెట్టుకి కలపాలంటే ఇంకో చిన్న పెట్టె కావాలి. తెప్పించాలి. వారం పది రోజులు పడుతుంది. తెప్పించమంటారా?"

"అవి చచ్చి ఎన్నేళ్లో అయింది. బండి నాకు అమ్మినాయన ఆ రోజే చెప్పాడు, వెనక బటన్లు పనిచేయవని."

"నొక్కి చూశారా ఎప్పుడైనా?"

"నేనెప్పుడు కూర్చున్నానయ్యా వెనక?"

ఇద్దరూ నవ్వుకున్నారు. మోతాయన ఆ వైర్ల కొసలకు నల్ల టేపు చుట్టి లోపలికి తోసేశాడు.

శనివారం మధ్యాహ్నం ఆవిడను బండి దగ్గరికి పిలిచి, పెళ్లికూతురి ముసుగు తీసినట్టు పైన కప్పిన గుడ్డ లాగి చూపించాడు. ఆవిడ కొత్త సెట్టును చూసి బాగుందంది. మనస్ఫూర్తిగానే అంది. ఒక చుట్టు కొడదాం రమ్మంటే వెంటనే హెల్మెట్ తెచ్చుకుంది. ఆయనకు కడుపు నిండినట్టయింది. వారమంతా పడ్డ అవస్థకు ఆ మాత్రం ముఖం చాలు అనుకున్నాడు.

ఆవిడ ఎక్కి కూర్చుంది. కూర్చున్నాక ఎడమ పక్కకు వంగి దేనికోసమో తడుముకుంటున్నట్టు కదిలింది.

"ఏవండీ, ఇవి..."

"కూర్చున్నావా? సరిగ్గా పట్టుకో. పోనిస్తున్నా."

ఊరు దాటేదాకా బాగానే ఉంది. కొండదారి మొదలయ్యాక ఆయన హ్యాండిల్ మెలితిప్పాడు. బండి ఊపందుకుంది. షోరూము అమ్మాయి చెప్పినట్టే పాట కూడా ఊపందుకుంది. గాలి హోరును తొక్కేసి, స్పీకర్లు గుండెలో కొడుతున్నాయి. ఇదీ బాగానే ఉందే అనుకున్నాడు. సముద్రం దాకా ఇలాగే పోవచ్చు. ఇంకొంచెం తిప్పాడు. పాట ఇంకొంచెం లేచింది. ఆయనా గొంతు కలిపాడు.

వెనకనుంచి వీపు మీద దబదబా దెబ్బలు పడ్డాయి. ఆవిడ తాళం వేస్తోందనుకుని మురిసిపోయాడు.

మలుపు తిరిగేసరికి రోడ్డు మీద కంకర. ఏ లారీలోంచి జారిందో, సగం రోడ్డంతా పరుచుకుని ఉంది. వంగిన బండి వెనక చక్రం పక్కకు జారింది. ఆయన కాలు కింద పెట్టాడు, బూటు రోడ్డును గీరుకుంటూ పోయింది, సామాను పెట్టె రక్షణగోడకు రాసుకుంది. ఎలా ఆగిందో ఆయనకే తెలియదు. ఆగింది. పాట మాత్రం ఏమీ జరగనట్టు పాడుతూనే ఉంది.

ఆవిడ దిగింది. హెల్మెట్ తీసింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. 

"పాట ఆపండి."

ఆపాడు. ఒక్కసారిగా కొండంతా నిశ్శబ్దమైంది.

"వెధవ సెట్టు," అన్నాడాయన, ఊపిరి ఇంకా సరిగ్గా అందకుండానే. "తగ్గలేదు చూశావా? పాతదైతే ఈపాటికి తగ్గి చెప్పేది. నేనందుకే ఆ షోరూములో అంత మొత్తుకున్నది..."

"తగ్గించింది నేను."

"ఏంటి?"

"పాత సెట్టు దానంతట అది ఏనాడూ తగ్గలేదు. నేను తగ్గించేదాన్ని. ఇదిగో, ఈ బటన్లతో. మీరు నెమ్మదించాక మళ్లీ నేనే పెంచేదాన్ని."

"అవి పనిచేయవు."

"ఎవరన్నారు?"

"బండి అమ్మినాయన."

"ఆయన ఎన్నాళ్లు కూర్చున్నాడండీ నా సీట్లో?"

ఆయన బండి దిగి వెనక్కి వచ్చి చూశాడు. సీటు ఎడమ పక్కన, బొటనవేలికి అందేచోట రెండు నల్ల రబ్బరు బటన్లు. ఒకదాని మీద కూడిక గుర్తు, ఇంకోదాని మీద తీసివేత గుర్తు ఉండాలి. రెండూ అరిగిపోయి, నున్నగా తేలి ఉన్నాయి. వాడని వస్తువు అలా అరగదని ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయన చెవులు వేడెక్కాయి. షోరూములో కుర్చీల్లోంచి తలలెత్తి చూసినవాళ్లందరూ గుర్తొచ్చారు. సిగ్గును దిగమింగలేక కోపం తెచ్చుకున్నాడు.

"మరి నోటితో చెప్పొచ్చు కదా! నోరు లేదా నీకు?"

"చెప్పలేదూ?" అంది ఆవిడ. గొంతు లేవలేదు కానీ పగిలింది. "మొదటి ఏడాదంతా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. మెల్లగా అండీ, భయంగా ఉందండీ అని. 'ఏం కాదులే' అనేవారు. 'నాకు తెలుసులే' అనేవారు. అరిస్తే, అరవకు, ధ్యాస చెడుతుంది అని నన్నే తిట్టేవారు. ఒకరోజు పాట ఎక్కువైందని తడుముకుంటే ఈ బటను తగిలింది. పాట తగ్గింది. మీరు వెంటనే నెమ్మదించారు. ఎందుకు? సెట్టుకేమైందోనని! సెట్టుకేదో అయిందంటే ఆగారండీ మీరు. నాకేమైనా అవుతుందంటే ఆగలేదు."

 నిజమే. మొదట్లో సెట్టుకు ఏదో రోగమనుకున్నాడు. కొన్నాళ్లకు స్పీడు ఎక్కువైనప్పుడే తగ్గుతోందని కనిపెట్టాడు. కనిపెట్టి, అది సెట్టు తెలివి అనుకున్నాడు. ఎంతమందికి చెప్పుకున్నాడో ఆ గొప్ప.

"మరి ఇన్నేళ్లూ... తగ్గించేది నేనే అని ఒక్కమాట చెప్పి ఉంటే..."

"చెబితే అది కూడా వినడం మానేసేవారు."

పైనుంచి బస్సు దిగివస్తోంది. ఆవిడ రోడ్డు పక్కకు నడిచి చెయ్యెత్తింది. బస్సు ఆగింది. హెల్మెట్ చంకలో పెట్టుకుని ఎక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుంది. ఇటు చూడలేదు.

బస్సు మలుపు తిరిగిపోయాక ఆయన ఎందుకో వెనక సీటు ఎక్కి కూర్చున్నాడు. బండి కొన్న ఈ పదేళ్లలో మొదటిసారి. పాదాలు పెట్టుకునే చోటు చిన్నది. పట్టుకోవడానికి ఊగే పిడి. ముందు సీటు ఖాళీగా ఉంది కాబట్టి రోడ్డు కనబడుతోంది. తను కూర్చుని ఉంటే ఇక్కడినుంచి తన వీపు తప్ప ఇంకేమీ కనబడదని అర్థమైంది. మలుపూ కనబడదు, కంకరా కనబడదు. ఆయన బొటనవేలు దానంతట అదే పోయి ఆ బటను మీద ఆగింది. నొక్కాడు. ఏమీ కాలేదు.

మోతాయన దుకాణం మూసే వేళకు అక్కడికి చేరాడు. వెనక బటన్ల పెట్టె ఈ రాత్రికే కావాలన్నాడు.

"ఈ రాత్రికా? పది రోజులు పడుతుందని చెప్పాను కదండీ. తెప్పించమంటారా అని అడిగాను కూడా."

"అడిగావు," అన్నాడు అద్దాలాయన. ఆ ఒక్కమాటకే మోతాయన కంగారుపడ్డాడు. అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాడు కదా.

ఇంట్లో ఆవిడ ప్రయాణం సంచిలో సర్దిన బట్టలు తీసి మంచం మీద పెడుతోంది. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. దారంతా కూర్చుకున్న మాటలన్నీ వదిలేసి పెట్టె సంగతే ఎత్తాడు.

"పది రోజుల్లో వస్తుందట. బటన్లు మళ్లీ పనిచేస్తాయి. అప్పటిదాకా ప్రయాణం ఆపుదాం. గదివాళ్లకు నేను చెబుతాను."

"వద్దు," అంది ఆవిడ.

"ఏది వద్దు? ప్రయాణమా, బండా?" 'నేనా?' అని మూడోది కూడా అడగబోయి భయపడి ఊరుకున్నాడు.

"బటన్లు వద్దు." ఆవిడ చేతిలోని చొక్కా మడత పెట్టి, మళ్లీ విప్పింది. "తొమ్మిదేళ్లు బొటనవేలితో కాపురం చేశాను. విసుగొచ్చింది. మా ఆయన నా మాట విన్నాడు, విన్నాడు అనుకుంటూ నన్ను నేనే మోసం చేసుకున్నాను. ఇవాళ ఆ బటను నొక్కితే పలకలేదు చూడండీ, నాకు అసలు గొంతే లేనట్టనిపించింది. భయం కంటే అదే ఎక్కువ ఏడుపొచ్చింది."

ఆయన వచ్చి మంచం కొసన కూర్చున్నాడు. తప్పయింది అన్నాడు. పెళ్లయ్యాక ఆ మాట అనడం ఆయనకు అలవాటు లేదు. అందుకే అది సగం దగ్గులా వచ్చింది. ఆవిడకు వినబడిందో లేదో తెలియలేదు. మళ్లీ అన్నాడు. ఈసారి స్పష్టంగా వచ్చింది.

ఆవిడ చొక్కా మడత పూర్తి చేసింది.

"రేపు వస్తాను," అంది. "సెట్టు పెట్టకూడదు. నోటితో చెబుతాను. ఒక్కసారి 'ఏం కాదులే' అన్నారంటే అక్కడే దిగి బస్సెక్కుతాను. మళ్లీ ఈ బండి జోలికి రాను. మీ వెనక కూర్చోవడం అంతటితో సరి."

అలా ఏం జరగదులే అనబోయి, ఆ మాట ఎక్కడికి పోతోందో తెలిసి, నోరు మూసుకున్నాడు.

ఆదివారం తెల్లవారాక బయలుదేరారు. ఆయన ఎంతో వెతికి, వారమంతా తగాదాలాడి కొన్న సెట్టు ఎదురుగా నల్లగా, మూగగా ఉంది. పాట లేకపోతే బండి ఇన్ని చప్పుళ్లు చేస్తుందని ఆయనకు తెలియదు. ఇంజను గొణుగుతోంది, పెట్టె మూత టకటకలాడుతోంది, ఎక్కడో ఒక మర కిచకిచమంటోంది.

"మెల్లగా," అంది ఆవిడ మొదటి మలుపు దగ్గర.

తగ్గించాడు.

"ఇంకొంచెం."

ఇంకొంచెం తగ్గించాడు. మలుపు తిరిగారు. వెనకనుంచి ఇక ఏ మాటా రాలేదు. వేగం పెంచాలా వద్దా తెలియక అలాగే పోయాడు. ఒక బస్సు దాటిపోయింది. కూరగాయల వ్యాను దాటిపోయింది. కూరగాయల వ్యాను చేతిలో ఓడిపోవడం ఆయన జీవితంలో ఇదే మొదలు. లోపల పళ్లు నూరుకున్నాడు. హ్యాండిల్ మీద చెయ్యి దురద పెట్టింది. తర్వాతి మలుపు దగ్గర ఆవిడ మళ్లీ మెల్లగా అంటే, 'ఏం కాదులే' సగం నాలుక మీదికి వచ్చేసింది. మింగాడు. చేదుగానే ఉంది. ఇలా సముద్రం దాకా పోవాలంటే పొద్దు వాలుతుందని, గదివాళ్లు ఏమనుకుంటారోనని, ఎవరు చూసినా నవ్వుతారని, ఎన్నో అనుకున్నాడు. ఒక్కటీ పైకి అనలేదు.

కొండ ఎక్కాక దారి తిన్నగా సాగింది. వెనకనుంచి చిన్న చప్పుడు వినబడింది. ఏదో అన్నట్టుంది. గాలిలో సరిగ్గా అందలేదు. ఆయన వెంటనే బ్రేకు నొక్కి, బండి రోడ్డు పక్కకు దించి, రెండు కాళ్లూ కింద పెట్టి, మెడ తిరిగినంతవరకు వెనక్కి తిప్పాడు.

"ఏమైంది? ఏమన్నావు?"

"ఏమీ అనలేదే."

"అన్నావు. నాకు వినబడింది."

"దగ్గానండీ."

"దగ్గావా?"

"గొంతులో దుమ్ము పడింది. దగ్గాను." ఆవిడ హెల్మెట్ గాజు పైకెత్తి ఆయన ముఖంలోకి చూసింది. "దగ్గితే బండి ఆపారా?"

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఇంజను గొణుగుతూనే ఉంది. ఆవిడ కళ్లు నీళ్లతో నిండాయి, ఆ వెంటనే నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది కానీ కుదరలేదు. ఆవిడ నవ్వితే వెనక సీటు ఊగి బండి మొత్తం కదిలింది. బండి కదలకుండా కాళ్లు గట్టిగా ఆనించుకుని, ఆ నవ్వు అయ్యేదాకా ఆయన కూర్చున్నాడు.

"మరి... పోనా?" అని అడిగాడు.

ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసి, దాని మీదుగా ముందుకు వంగి, కంటికి ఆనినంత దూరం రోడ్డును చూసింది. అటు పక్క చూసింది, ఇటు పక్క చూసింది. ఆయన కదలకుండా ఉన్నాడు.

"పోనివ్వండి," అంది. "ఇక్కడ కాస్త వేగంగానే పోనివ్వండి."